మొబైల్ యాప్‌లో ఆథెంటికేషన్ ఛాలెంజ్: ఎక్కడ పట్టుకోవాలి, ఏం జవాబివ్వాలి

యాప్ ఒక రిక్వెస్ట్ పంపుతుంది. డేటా రావాల్సిన చోట "ముందు నువ్వెవరో చెప్పు" అని ఎదురు ప్రశ్న వస్తుంది. దాన్నే ఛాలెంజ్ అంటాం. అడిగేది ఎప్పుడూ సర్వరే అనుకోకండి. మధ్యలో ఉన్న ప్రాక్సీ అడగొచ్చు. కనెక్షన్‌ని భద్రం చేసే టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ దశలోనే సర్వర్ క్లయింట్ సర్టిఫికెట్ (యాప్ ఎవరిదో చెప్పే సర్టిఫికెట్) అడగొచ్చు. ఐఓఎస్‌లో అయితే "ఈ సర్వర్‌ని నమ్మమంటారా?" అని సిస్టమే మిమ్మల్ని అడుగుతుంది. పైగా అక్కడ ఇవన్నీ ఒకటి రెండు మెథడ్‌లలోకే వచ్చి పడతాయి. పాస్‌వర్డ్ కోసం రాసిన కోడ్ సర్టిఫికెట్ ప్రశ్నకి కూడా పాస్‌వర్డే చేతిలో పెడుతుంది, లేదంటే అడిగిందేమిటో చూడకుండా అన్నిటికీ తలూపుతుంది. కాబట్టి కోడ్‌లో మొదటి పని జవాబివ్వడం కాదు, అడిగిందేమిటో గుర్తుపట్టడం. మీకు సంబంధం లేని ప్రశ్నని సిస్టమ్‌కే వదిలేయాలి.

ముందు తీగ మీద ఏం నడుస్తుందో చూద్దాం

సర్వర్ 401 (గుర్తింపు కావాలని చెప్పే స్టేటస్ కోడ్) పంపితే దాంతోపాటు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ హెడర్ కూడా పంపి తీరాలి. ప్రాక్సీ అయితే 407, ప్రాక్సీ-ఆథెంటికేట్. ఇది హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 9110 పెట్టిన నియమం. హెడర్‌లో ముందు పద్ధతి పేరు ఉంటుంది: బేసిక్, డైజెస్ట్, నెగోషియేట్, ఎన్‌టీఎల్‌ఎమ్, బేరర్. దాని వెనకాల రెల్మ్ (సర్వర్‌లో ఏ భాగానికి ఈ లాగిన్ అని చెప్పే పేరు) లాంటి వివరాలు వస్తాయి. ఒకే సర్వర్ రెండు మూడు పద్ధతులు కలిపి కూడా ఇవ్వొచ్చు.

బేసిక్‌లో దాపరికమేమీ లేదు. యూజర్‌నేమ్, కోలన్, పాస్‌వర్డ్ కలిపి బేస్64 చేసి పంపడమే. అది ఎన్‌క్రిప్షన్ కాదు, కాబట్టి హెచ్‌టీటీపీఎస్ లేని చోట వాడకూడదు. యూజర్‌నేమ్‌లో కోలన్ ఉండకూడదు. డైజెస్ట్‌లో సర్వర్ ఇచ్చిన నాన్స్‌ని (ఛాలెంజ్‌తో వచ్చే తాత్కాలిక విలువ) పాస్‌వర్డ్‌తో కలిపి హ్యాష్ కడతారు. అందులో స్టేల్ అనే చిన్న గుర్తుని చాలామంది పట్టించుకోరు. స్టేల్ ట్రూ అని వస్తే పాస్‌వర్డ్ తప్పని కాదు, నాన్స్ పాతబడిందని. అప్పుడు యూజర్ని మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా కొత్త నాన్స్‌తో ఇంకోసారి పంపితే సరిపోతుంది. ఐఓఎస్‌లో నెట్‌వర్క్ పని చూసే యూఆర్‌ఎల్‌సెషన్ డైజెస్ట్ లెక్క తనే చూసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో వాడే హెచ్‌టీటీపీ లైబ్రరీ ఓకేహెచ్‌టీటీపీలో డైజెస్ట్ లేదు, మీరే రాసుకోవాలి లేదా విడిగా లైబ్రరీ తెచ్చుకోవాలి.

ఐఓఎస్: ఏ మెథడ్‌కి ఏది వస్తుంది

యూఆర్‌ఎల్‌సెషన్‌కి డెలిగేట్‌ని (ఛాలెంజ్‌లు అందుకునే మీ ఆబ్జెక్ట్) సెషన్ తయారుచేసేటప్పుడే ఇవ్వాలి, తర్వాత మార్చడం కుదరదు. యూఆర్‌ఎల్‌సెషన్ డాట్ షేర్డ్‌కి సెషన్ డెలిగేట్ ఉండదు కనుక ఈ సెషన్ డెలిగేట్ పద్ధతికి అది పనికిరాదు. ఇంకో సంగతి: సెషన్ తన డెలిగేట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఫినిష్‌టాస్క్స్‌అండ్‌ఇన్‌వాలిడేట్ గానీ ఇన్‌వాలిడేట్‌అండ్‌క్యాన్సిల్ గానీ పిలిచేదాకా వదలదు. ప్రతి స్క్రీన్‌కీ ఒక సెషన్ తెరిచే యాప్‌లలో మెమరీ లీక్‌కి ఇదే మూలం.

డెలిగేట్‌లో డిడ్‌రిసీవ్ ఛాలెంజ్ అనే మెథడ్ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సెషన్ స్థాయిది, ఇంకోటి టాస్క్ స్థాయిది. సర్వర్ ట్రస్ట్, క్లయింట్ సర్టిఫికెట్, ఎన్‌టీఎల్‌ఎమ్, నెగోషియేట్: ఈ నాలుగూ సెషన్ స్థాయి మెథడ్‌కి వస్తాయి. అది రాయకపోతే టాస్క్ స్థాయికి దిగుతాయి. బేసిక్, డైజెస్ట్ మాత్రం టాస్క్ స్థాయికే వస్తాయి. సెషన్ స్థాయి మెథడ్ ఒక్కటే రాసి "బేసిక్ ఛాలెంజ్ రావడం లేదేంటి" అని బ్రేక్‌పాయింట్ పెట్టుకుని కూర్చుంటే అది ఎప్పటికీ తగలదు. సులువైన దారి ఏమిటంటే, రెండు మెథడ్‌లూ రాసి రెండింటినీ ఒకే హ్యాండ్లర్ ఫంక్షన్‌కి మళ్లించడం.

ఆ హ్యాండ్లర్ లోపల వరస ఇలా ఉండాలి.

1. ఛాలెంజ్‌లోంచి ప్రొటెక్షన్‌స్పేస్ తీయండి. అందులో హోస్ట్, పోర్ట్, రెల్మ్, ఆథెంటికేషన్‌మెథడ్, ప్రాక్సీనా కాదా అన్న గుర్తు ఉంటాయి.
2. ఈజ్‌ప్రాక్సీ ట్రూ అయితే సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. ప్రాక్సీ కోసం విడిగా ఏమీ లేకపోతే డిఫాల్ట్‌కి వదలండి.
3. హోస్ట్‌ని మీ జాబితాతో పోల్చండి. పూర్తి పేరు సమానంగా ఉండాలి. "చివర మన డొమైన్ ఉందా" అని హ్యాజ్‌సఫిక్స్‌తో చూస్తే ముందు చుక్క లేని వేరే డొమైన్ కూడా దూరిపోతుంది. రీడైరెక్ట్ అయి వేరే హోస్ట్ నుంచి వచ్చిన ఛాలెంజ్‌కి మీ పాస్‌వర్డ్ వెళ్లకుండా ఆపేది ఈ పోలికే.
4. ఆథెంటికేషన్‌మెథడ్ మీద స్విచ్ పెట్టండి. మీరు చూసుకునే పద్ధతులకు తలా ఒక కేసు, డిఫాల్ట్ కేసులో పర్ఫార్మ్‌డిఫాల్ట్‌హ్యాండ్లింగ్.
5. ఏ దారిలో వెళ్లినా కంప్లీషన్ హ్యాండ్లర్‌ని సరిగ్గా ఒకే ఒక్కసారి పిలవండి.

అయిదోది చూడటానికి చిన్నది, చేసే నష్టం పెద్దది. గార్డ్ లెట్‌లో పిలవకుండా రిటర్న్ అయిపోయిన ఒక్క దారి చాలు, టాస్క్ ఎర్రర్ కూడా చెప్పకుండా వేలాడుతుంది. డబ్ల్యూకేవెబ్‌వ్యూలో అదే తప్పు చేస్తే ఎక్సెప్షన్ లేచి యాప్ క్రాష్ అవుతుంది, రెండుసార్లు పిలిచినా అంతే. నిజానికి క్రాష్ అవడమే నయం, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. స్విఫ్ట్‌లో ఎసింక్ రూపం వాడితే డిస్పొజిషన్ (ఛాలెంజ్‌ని ఏం చేయాలన్న జవాబు), క్రెడెన్షియల్ రెండూ రిటర్న్ చేయాలి కనుక ఈ తప్పుని కంపైలరే పట్టేస్తుంది. కొత్త కోడ్ అయితే అదే ఎంచుకోండి.

నాలుగు జవాబులు, వాటి ఫలితాలు

యూజ్‌క్రెడెన్షియల్ అంటే "ఇదిగో, దీంతో ప్రయత్నించు". పర్ఫార్మ్‌డిఫాల్ట్‌హ్యాండ్లింగ్ అంటే "నేను లేననుకుని నీ పని నువ్వు చేసుకో". సర్వర్ ట్రస్ట్ విషయంలో ఇది మామూలు సర్టిఫికెట్ తనిఖీ చేస్తుంది. బేసిక్ విషయంలో దాచిన క్రెడెన్షియల్ ఉందేమో వెతికి, లేకపోతే 401 రెస్పాన్స్‌ని మీ కోడ్‌కే అందిస్తుంది.

మిగతా రెండింటి దగ్గరే తికమక. క్యాన్సిల్‌ఆథెంటికేషన్‌ఛాలెంజ్ ఇస్తే మొత్తం రిక్వెస్టే రద్దవుతుంది, ఎర్రర్ కోడ్ మైనస్ 999. యూజర్ స్క్రీన్ వదిలి వెళ్లినప్పుడు టాస్క్‌ని రద్దు చేసినా వచ్చేది అదే 999. చాలా యాప్‌లు 999 వస్తే ఏమీ చూపించకుండా మింగేస్తాయి. దాంతో పిన్నింగ్ (సర్వర్ కీ మీరు ముందే రాసుకున్నదేనా అన్న తనిఖీ) తప్పినా, పాస్‌వర్డ్ తప్పినా స్క్రీన్ ఊరికే ఖాళీగా ఉంటుంది. రద్దు చేసే ముందు ఎందుకు చేస్తున్నారో టాస్క్ ఐడెంటిఫయర్‌తో ఒక డిక్షనరీలో రాసుకుని, డిడ్‌కంప్లీట్‌లో ఆ కారణాన్ని తీసి చూపించండి. సర్వర్ ట్రస్ట్ లాంటివి సెషన్ స్థాయి మెథడ్‌కి వస్తే అక్కడ టాస్క్ ఏదో తెలియదు. అప్పుడు హోస్ట్ పేరు మీద రాసుకోవాలి.

రిజెక్ట్‌ప్రొటెక్షన్‌స్పేస్ అంటే "ఈ పద్ధతి వద్దు, ఇంకోటి ఉంటే అడుగు". సర్వర్ నెగోషియేట్, ఎన్‌టీఎల్‌ఎమ్, బేసిక్ మూడూ ఇచ్చినప్పుడు మీ దగ్గర బేసిక్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉందనుకోండి. నెగోషియేట్‌కి రిజెక్ట్ ఇస్తేనే వంతు తర్వాతి పద్ధతికి వస్తుంది. అక్కడ క్యాన్సిల్ ఇస్తే బేసిక్ దాకా వెళ్లకుండానే కథ ముగుస్తుంది.

పాస్‌వర్డ్ ఛాలెంజ్

ముందు ప్రీవియస్‌ఫెయిల్యూర్‌కౌంట్ చూడండి. సున్నా అయితే ఐఓఎస్ భద్రమైన నిల్వ అయిన కీచెయిన్‌లోంచి పాస్‌వర్డ్ తీసి, యూఆర్‌ఎల్‌క్రెడెన్షియల్ చేసి ఇవ్వండి. సున్నా కాకపోతే ఇచ్చింది చెల్లలేదన్నమాట, మళ్లీ అదే ఇవ్వకండి. ఈ తనిఖీ లేని యాప్ తప్పు పాస్‌వర్డ్‌ని పదేపదే పంపుతూ పోతుంది, చివరికి సర్వర్ యూజర్ అకౌంట్‌ని లాక్ చేస్తుంది. ప్రపోజ్డ్‌క్రెడెన్షియల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒకసారి విఫలమయ్యాక అందులో ఉండేది ఆ చెల్లని క్రెడెన్షియలే.

క్రెడెన్షియల్‌ని ఎంతకాలం దాచాలో చెప్పే పర్సిస్టెన్స్ దగ్గర చాలామంది ఫర్‌సెషన్ అని పెట్టేస్తారు. పేరులో సెషన్ ఉన్నా అది మీ లాగిన్ సెషన్ కాదు. లాగౌట్ బటన్‌కి దాని గురించి ఏమీ తెలియదు. ఒక యూజర్ లాగౌట్ అయి ఇంకొకరు అదే ఫోన్‌లో లాగిన్ అయితే పాత క్రెడెన్షియల్ మీ మెథడ్‌ని పిలవకుండానే వెళ్లిపోగలదు. కీచెయిన్ మీ చేతుల్లో ఉన్నప్పుడు పర్సిస్టెన్స్ నన్ పెట్టడమే మేలు. కాన్ఫిగరేషన్‌లో యూఆర్‌ఎల్‌క్రెడెన్షియల్‌స్టోరేజ్‌ని నిల్ చేస్తే ఇంకా నిశ్చింత. ఎన్‌టీఎల్‌ఎమ్ అయితే ఇది కూడా చాలదు, ఎందుకంటే అక్కడ గుర్తింపు కనెక్షన్‌కే అంటుకుని ఉంటుంది. లాగౌట్‌లో సెషన్‌ని ఇన్‌వాలిడేట్ చేసి కొత్తది తెరవండి, లేదా రీసెట్ పిలవండి. రీసెట్ కుకీలు, క్యాష్, క్రెడెన్షియల్స్ తుడిచేసి తర్వాతి రిక్వెస్ట్‌లు కొత్త సాకెట్ మీద వెళ్లేలా చేస్తుంది.

యూజర్‌కి డైలాగ్ చూపించి పాస్‌వర్డ్ అడగాలంటే కంప్లీషన్ హ్యాండ్లర్‌ని దాచుకుని తర్వాత పిలవొచ్చు. డెలిగేట్ క్యూని మాత్రం ఆపకండి. అక్కడ సెమాఫోర్ పెట్టి కూర్చుంటే ఆ సెషన్‌లోని మిగతా కాల్‌బ్యాక్‌లన్నీ నిలిచిపోతాయి. స్ట్రీమ్ రూపంలో అప్‌లోడ్ చేస్తున్నారా? 401 తర్వాత బాడీని మొదటి నుంచి పంపాలి కాబట్టి నీడ్‌న్యూబాడీస్ట్రీమ్ మెథడ్ కూడా రాయాల్సిందే.

సర్వర్ ట్రస్ట్, పిన్నింగ్

అందరి సర్వర్లలాగే మీది కూడా మామూలు సర్టిఫికెట్ వాడుతుంటే ఈ ఛాలెంజ్‌ని ముట్టుకోకండి. డిఫాల్ట్‌కి వదిలేయండి. ఇంటర్నెట్‌లో కాపీ కొట్టే రెండు లైన్లున్నాయి: సర్వర్‌ట్రస్ట్ తీసి, దాంతో క్రెడెన్షియల్ చేసి, యూజ్‌క్రెడెన్షియల్ అనేయడం. ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు తనిఖీ కూడా పోతుంది. మధ్యలో ఎవరు కూర్చుని చదివినా మీ యాప్ కిమ్మనదు. టెస్ట్ సర్వర్‌కి సొంత సర్టిఫికెట్ ఉంటే దాని రూట్‌ని (దానికి ఆధారమైన మూల సర్టిఫికెట్) సిమ్యులేటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోండి. లేదంటే డీబగ్ బిల్డ్‌లో మాత్రమే సెక్‌ట్రస్ట్‌సెట్‌యాంకర్‌సర్టిఫికెట్స్‌తో ఆ రూట్‌ని కలపండి.

పిన్నింగ్ కావాలంటే ఐఓఎస్ 14 నుంచి కోడ్ అక్కర్లేదు. ఇన్ఫో డాట్ పీలిస్ట్‌లో ఎన్‌ఎస్‌పిన్డ్‌డొమైన్స్ కింద హ్యాష్‌లు రాస్తే సరిపోతుంది. కోడ్‌లోనే చేయాలనుకుంటే ముందు సెక్‌ట్రస్ట్‌ఎవాల్యుయేట్‌విత్‌ఎర్రర్ పిలవండి. అది ఫెయిలైతే అక్కడే రద్దు. పిన్ సరిపోయింది కదా అని మామూలు తనిఖీ దాటేయకండి, గడువు తీరిన సర్టిఫికెట్‌కి కూడా కీ అదే ఉంటుంది. ఈ కాల్ నెట్‌వర్క్ దాకా వెళ్లే అవకాశం ఉంది కనుక మెయిన్ థ్రెడ్ మీద పిలవకండి. ఆ తర్వాత సెక్‌ట్రస్ట్‌కాపీకీతో పబ్లిక్ కీ తీసి, సెక్‌కీకాపీఎక్స్‌టర్నల్‌రిప్రజెంటేషన్‌తో బైట్లుగా మార్చి, ఎస్‌హెచ్‌ఏ-256 తీసి పోల్చాలి.

అందరూ ఆగిపోయేది ఇక్కడే. కంప్యూటర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌తో తీసిన హ్యాష్, యాప్‌లో వచ్చిన హ్యాష్ రెండూ బేస్64లో 44 అక్షరాలే, కానీ ఒక్కటీ కలవదు. కారణం చిన్నదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పబ్లిక్ కీకి ముందు "ఇది ఫలానా రకం కీ" అని చెప్పే ఏఎస్‌ఎన్1 హెడర్‌ని కూడా కలిపి హ్యాష్ చేస్తుంది. యాపిల్ ఇచ్చే బైట్లలో ఆ హెడర్ ఉండదు. ఆర్‌ఎస్‌ఏ 2048 కీకి ఆ హెడర్ 24 బైట్లు, పీ-256 ఎలిప్టిక్ కీకి 26 బైట్లు. పీ-256 అయితే యాపిల్ ఇచ్చేది 65 బైట్లు, మొదటి బైట్ 04. దాని ముందు ఆ 26 బైట్లు అతికిస్తే 91 అవుతుంది. దానికి హ్యాష్ తీస్తే రెండూ కలుస్తాయి. కీ రకం మారితే హెడర్ కూడా మారుతుంది. ఆర్‌ఎస్‌ఏ హెడర్‌ని కోడ్‌లో గట్టిగా రాసేసుకున్నవాళ్ల యాప్‌లు సర్వర్ ఎలిప్టిక్ కీకి మారిన రోజున పడకేస్తాయి. కనీసం రెండు పిన్‌లు పెట్టండి: ఒకటి ఇప్పటి కీది, ఇంకోటి ఇంకా వాడకంలోకి రాని, భద్రంగా దాచిన బ్యాకప్ కీది. ఒకే పిన్‌తో విడుదలైతే కీ మారిన క్షణం నుంచి యాప్ అప్‌డేట్ అయ్యేదాకా యూజర్లందరూ బయటే.

పిన్నింగ్‌ని పరీక్షిస్తున్నప్పుడు మెథడ్ రెండోసారి పిలవబడకపోతే కంగారు పడకండి. ఉన్న కనెక్షన్‌నే మళ్లీ వాడుతున్నా, పాత టీఎల్‌ఎస్ సెషన్‌నే కొనసాగిస్తున్నా ఛాలెంజ్ రాకపోవచ్చు. యాప్ ఆపి మళ్లీ మొదలుపెట్టి చూడండి.

క్లయింట్ సర్టిఫికెట్

పీ12 ఫైల్‌ని (సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ కలిసి ఉండే ఫైల్) సెక్‌పీకేసీఎస్12ఇంపోర్ట్‌తో చదివి, ఐడెంటిటీ తీసి, దాంతో యూఆర్‌ఎల్‌క్రెడెన్షియల్ చేయాలి. సర్టిఫికెట్స్ పారామీటర్‌లో మధ్య సర్టిఫికెట్లు ఉంటే ఇవ్వండి, లేకపోతే నిల్. మైనస్ 25293 వస్తే సాధారణంగా పాస్‌ఫ్రేజ్ తప్పు. పాస్‌ఫ్రేజ్ ఒప్పే అయితే పీ12 ఎలా తయారైందో చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 నుంచి డిఫాల్ట్ ఎన్‌క్రిప్షన్ మారింది, పాత సిస్టమ్‌లు దాన్ని చదవలేవు. లెగసీ ఆప్షన్‌తో మళ్లీ తయారుచేస్తే తేలుతుంది.

ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ ద్వారా ఇన్‌స్టాల్ చేసిన సర్టిఫికెట్ సఫారీకి కనిపిస్తుంది, మీ యాప్‌కి కనిపించదు. "బ్రౌజర్‌లో పనిచేస్తోంది, యాప్‌లో లేదు" అన్న ఫిర్యాదులో సగం గుట్టు ఇదే. సర్వర్‌కి ఏమీ అందకపోతే మైనస్ 1206, అందింది నచ్చకపోతే మైనస్ 1205 చూస్తారు. సర్వర్ ఒప్పుకునే జారీదారుల జాబితా డిస్టింగ్విష్డ్‌నేమ్స్‌లో ఉంటుంది. దాన్ని లాగ్ చేస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

బేరర్ టోకెన్‌కి ఈ దారి కాదు

లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే, ప్రతి రిక్వెస్ట్‌తో పంపే బేరర్ టోకెన్ గడువు తీరి 401 వచ్చినప్పుడు డిడ్‌రిసీవ్ పిలుస్తారని ఎదురుచూడకండి. యూఆర్‌ఎల్‌సెషన్ దాన్ని మామూలు రెస్పాన్స్‌గానే ఇస్తుంది. హెడర్ లేని 401 కూడా అంతే. రిక్వెస్ట్ పంపే మీ సొంత ఫంక్షన్‌లోనే 401 చూసి, టోకెన్ మార్చి, ఒకే ఒక్కసారి మళ్లీ పంపాలి. ఒకేసారి అయిదు రిక్వెస్ట్‌లకి 401 వస్తే అయిదు రిఫ్రెష్‌లు జరగకూడదు. యాక్టర్‌లో (ఒకేసారి ఒకరినే లోపలికి రానిచ్చే స్విఫ్ట్ రకం) రిఫ్రెష్ టాస్క్‌ని అవెయిట్ చేయడానికి ముందే ఒక వేరియబుల్‌లో దాచండి, తర్వాత వచ్చినవాళ్లు దాన్నే అవెయిట్ చేస్తారు. అవెయిట్ దగ్గర యాక్టర్ తలుపు తెరుచుకుంటుంది కాబట్టి ఆ తర్వాత దాచితే ఆలస్యమైపోయినట్టే.

ఆండ్రాయిడ్, ఓకేహెచ్‌టీటీపీ

ఇక్కడ పని విడివిడిగా ఉంటుంది, అందుకే తలనొప్పి తక్కువ. 401కి ఆథెంటికేటర్, 407కి ప్రాక్సీఆథెంటికేటర్, పిన్నింగ్‌కి సర్టిఫికెట్‌పిన్నర్, క్లయింట్ సర్టిఫికెట్‌కి కీమేనేజర్. యూఆర్‌ఎల్‌సెషన్‌లా కాకుండా ఆథెంటికేటర్‌ని హెడర్ ఉన్నా లేకున్నా 401 వస్తే పిలుస్తారు, కాబట్టి బేరర్ టోకెన్‌కి ఇదే సరైన చోటు. 403కి మాత్రం పిలవరు.

ఆథెంటికేట్ మెథడ్ కొత్త రిక్వెస్ట్ ఇస్తే అది వెళ్తుంది, నల్ ఇస్తే 401 యాప్‌కి చేరుతుంది. విఫలమైన రిక్వెస్ట్‌లో ఉన్న టోకెన్‌ని, ఇప్పుడు స్టోర్‌లో ఉన్న టోకెన్‌తో లాక్ లోపల పోల్చండి. వేరుగా ఉంటే ఇంకో థ్రెడ్ అప్పటికే మార్చేసింది, కొత్తది పెట్టి పంపండి. ఒకటే అయితే రిఫ్రెష్ చేయండి. ప్రయర్‌రెస్పాన్స్ నల్ కాకపోతే ఇది రెండో ప్రయత్నం, అక్కడితో ఆపేయండి. ఆపకపోతే 20 ఫాలోఅప్‌ల దాకా తిరిగి, 21వ దగ్గర ప్రోటోకాల్‌ఎక్సెప్షన్ వస్తుంది. హెడర్ పెట్టేటప్పుడు యాడ్‌హెడర్ కాదు, హెడర్ వాడండి. లేకపోతే రెండు ఆథరైజేషన్ హెడర్‌లు వెళ్తాయి.

రిఫ్రెష్ కాల్‌ని న్యూబిల్డర్‌తో తీసుకున్న, ఆథెంటికేటర్ లేని క్లయింట్‌తో చేయండి. దాన్ని ఎగ్జిక్యూట్‌తోనే పిలవాలి, ఎన్‌క్యూ చేసి ఎదురుచూడొద్దు. ఎన్‌క్యూ కాల్స్‌ని నడిపే డిస్పాచర్ డిఫాల్ట్‌గా ఒక హోస్ట్‌కి ఒకేసారి 5 కాల్స్‌నే నడుపుతుంది. ఆ అయిదూ లాక్ దగ్గర రిఫ్రెష్ కోసం నిలబడి ఉంటే, ఆరోదైన రిఫ్రెష్‌కి వంతే రాదు. ఇవి దాని కోసం, అది వీటి కోసం చూస్తూ ఉండిపోతాయి.

క్రెడెన్షియల్స్ డాట్ బేసిక్ డిఫాల్ట్‌గా ఐఎస్‌ఓ-8859-1 వాడుతుంది. తెలుగు అక్షరాలున్న పాస్‌వర్డ్ అందులో ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. మూడో పారామీటర్‌గా యూటీఎఫ్-8 ఇవ్వండి.

క్లయింట్ సర్టిఫికెట్ కీ కోసం ఆండ్రాయిడ్ కీచెయిన్ డాట్ గెట్‌ప్రైవేట్‌కీని మెయిన్ థ్రెడ్ మీద పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది. వెబ్‌వ్యూ తీరే వేరు. ఆన్‌రిసీవ్డ్‌హెచ్‌టీటీపీఆథ్‌రిక్వెస్ట్‌లో హోస్ట్, రెల్మ్ చూసి ప్రొసీడ్ గానీ క్యాన్సిల్ గానీ పిలవాలి. ఆన్‌రిసీవ్డ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ఎర్రర్‌లో గుడ్డిగా ప్రొసీడ్ రాస్తే ప్లే స్టోర్ ఆ యాప్‌ని వెనక్కి పంపుతుంది.

పరీక్షించడం

హెచ్‌టీటీపీబిన్‌లో బేసిక్-ఆథ్, డైజెస్ట్-ఆథ్ దారులున్నాయి, బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్‌లో గడువు తీరినవి, సొంతంగా సంతకం చేసుకున్నవి, హోస్ట్ పేరు కలవనివి రకరకాల సర్టిఫికెట్లు దొరుకుతాయి. ఓకేహెచ్‌టీటీపీకి మాక్‌వెబ్‌సర్వర్‌లో ఒక 401, తర్వాత ఒక 200 వరసలో పెట్టి, రెండో రిక్వెస్ట్‌లో ఆథరైజేషన్ హెడర్ ఒక్కటే ఉందో లేదో చూడండి. తర్వాత వరసగా రెండు 401లు పెట్టి, రిక్వెస్ట్‌లు రెండింటితో ఆగాయో లేదో లెక్కపెట్టండి. ఐఓఎస్‌లో యూఆర్‌ఎల్‌ప్రోటోకాల్‌తో చేసిన మాక్‌కి టీఎల్‌ఎస్ ఉండదు కనుక సర్వర్ ట్రస్ట్ ఛాలెంజ్ అక్కడ రానే రాదు. ఆ టెస్ట్‌లు పచ్చగా ఉన్నాయని పిన్నింగ్ పనిచేస్తోందనుకోకండి. దానికి ట్రాఫిక్‌ని చదివే ఎమ్‌ఐటీఎమ్‌ప్రాక్సీ అనే టూల్‌ని మధ్యలో పెట్టి, దాని రూట్‌ని ఫోన్‌లో నమ్మదగినదిగా ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు కూడా యాప్ రిక్వెస్ట్‌ని తిరస్కరిస్తోందా అని చూడాలి.